జంగు పట్టిన లారీకి వైద్యం

కరీంనగర్ నుంచి హైదరాబాదు వెళ్ళే రాజీవ్ రహదారి మీద, బెజ్జంకి క్రాసింగు దగ్గర ఒక పావుగంట నిలబడి వచ్చే పోయే లారీలను గమనించండి. కొత్త లారీలను వదిలేయండి. పాతవాటినే చూడండి. మానేరు ఇసుక మోసేవి, వడ్ల బస్తాలు మోసేవి, ఎరువులు మోసేవి, మన వైపు ఇప్పటికీ అందరూ డీసీఎం అని పిలిచే చిన్న లారీలు, ఇవన్నీ కనబడతాయి. వాటి క్యాబిన్ పైకప్పు చూడండి. రంగు వెలసి ఉంటుంది గాని రేకు గట్టిగానే ఉంటుంది. అదే లారీ తలుపు కింది అంచు చూడండి. మడ్‌గార్డు లోపలి వైపు చూడండి. కాలు పెట్టి ఎక్కే మెట్టు చూడండి. అక్కడ రంగు బుడగలుగా లేచి ఉంటుంది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి ఎర్రటి పొడి రాలుతుంది. కొన్నిచోట్ల చిల్లులో నుంచి రోడ్డు కనబడుతుంది.

లారీ ఒకటే. రేకు ఒకటే. వేసిన రంగు ఒకటే. తడిసిన వానా ఒకటే. మరి జంగు ఒకచోటనే ఎందుకు తింటుంది? మరోచోట ఎందుకు తినదు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు జంగు పట్టిన లారీని నిలిచేటట్టు బాగుచేయగలడు. తెలియనివాడు ఎంత ఖర్చు పెట్టి ఎంత నున్నగా రంగు వేసినా, రెండు వానాకాలాలు గడిచేసరికి అదేచోట మళ్ళీ బుడగ లేస్తుంది.

ఇది అందానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. మెట్టు రేకును జంగు లోపలినుంచి తినేసి, పైన రంగుపొర మాత్రమే మిగిలి ఉంటే, దాని మీద బరువు మోపిన మనిషి కాలు ఏమవుతుందో ఊహించండి. తలుపు బందుల దగ్గర రేకు మెత్తబడితే తలుపు ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఒకే ఒక్క లారీ మీద బతికే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఆ లారీ షెడ్డులో నిలబడ్డ ప్రతి రోజూ ఆ ఇంటికి కూలి లేని రోజే. అందుచేత చిన్న జంగును చిన్నగా ఉన్నప్పుడే ఇంటి దగ్గర బాగుచేసుకోవడం తెలిసి ఉండాలి.

జంగు అంటే ఏమిటి?

పుస్తకంలో దీన్ని తుప్పు అంటారు. మన ఇళ్ళలో జంగు అంటాం. రెండూ ఒకటే. ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసి ఏర్పడే ఎర్రటి పదార్థమిది. రసాయన శాస్త్రంలో దీని పేరు ఆర్ద్ర ఐరన్ ఆక్సైడు. ఇంతవరకు మీకు తెలిసిందే. కాని ఇది ఎలా ఏర్పడుతుందో తెలుసుకుంటేనే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1920లలో ఒక చక్కని ప్రయోగం చేశాడు. నున్నగా రుద్దిన ఇనుప పలక మీద ఒకే ఒక్క ఉప్పునీటి చుక్క వేశాడు. ఆ నీటిలో రెండు రసాయనాలు ముందే కలిపాడు. ఒకటి పొటాషియం ఫెర్రీసయనైడు. ఇనుము ఎక్కడ కరుగుతుంటే అక్కడ ఇది నీలిరంగు ఇస్తుంది. రెండోది ఫినాఫ్తలీన్. ఎక్కడ క్షారం పుడుతుంటే అక్కడ ఇది గులాబిరంగు ఇస్తుంది. కాసేపటికి చుక్క నడుమ నీలిరంగు, చుక్క అంచు చుట్టూ గులాబిరంగు ఏర్పడ్డాయి. కొంతసేపటికి ఆ రెంటి మధ్య ఉంగరంలాగా గోధుమరంగు తుప్పు కనిపించింది.

దీని అర్థమేమిటి? చుక్క అంచున నీటిపొర పలచన. కనుక గాలిలోని ఆక్సిజన్ అక్కడికి సులభంగా అందుతుంది. నడుమ నీరు లోతు ఎక్కువ. అక్కడికి ఆక్సిజన్ తక్కువగా అందుతుంది. ఆక్సిజన్ తక్కువైన ఆ నడుమనే ఇనుము కరుగుతుంది. ఇనుప పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలోకి దిగుతాయి. వదిలిన ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు పోతాయి. అక్కడ నీరు, ఆక్సిజన్ వాటిని తీసుకొని హైడ్రాక్సిల్ అయాన్లుగా మారతాయి. నడుమనుంచి వచ్చే ఇనుప అయాన్లు, అంచునుంచి వచ్చే హైడ్రాక్సిల్ అయాన్లు దారిలో కలుసుకుంటాయి. ఆ కలయిక నుంచి పుట్టిన పదార్థం మరింత ఆక్సిజన్‌తో కలిసి తుప్పవుతుంది.

అంటే ఒక్క నీటిచుక్క ఒక చిన్న విద్యుత్ ఘటం! టార్చిలైటు బ్యాటరీలో జింకు కరిగినట్టే ఇక్కడ ఇనుము కరుగుతుంది. ఇందులో మనం బాగా గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. తుప్పు కనిపించేచోటే లోహం పోతున్నదని అనుకోవద్దు. ఆక్సిజన్ సరిగా అందని తడిచోట, మన కంటికి కనబడకుండా, లోహం పోతుంది.

తలుపు అడుగుకే ఎందుకు ఆపద?

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. లారీ క్యాబిన్ రేకు మందం సుమారు 1 మిల్లీమీటరు అనుకుందాం. రేకుల దుకాణంలో 20 గేజి అని అడిగితే ఇచ్చేది 0.91 మిల్లీమీటర్లు, 18 గేజి అంటే 1.22 మిల్లీమీటర్లు. రంగు వేయని ఉక్కును సముద్రానికి దూరంగా, కాలుష్యం తక్కువగా ఉన్న పల్లెగాలిలో ఉంచితే ఏడాదికి పోయే మందం 25 మైక్రాన్లకు మించదని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. ఉప్పుగాలి బాగా తగిలే సముద్రతీరంలో అయితే అది 80 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. 1 మిల్లీమీటరు అంటే 1000 మైక్రాన్లు. కనుక బెజ్జంకి లాంటి ఊళ్ళో, ఒక వైపునుంచి జంగు తిన్నా, రేకు చిల్లిపడడానికి కనీసం 40 ఏళ్ళు పట్టాలి. పైగా రంగు కూడా ఉంది. కాని పదేళ్ళ లారీ తలుపులో చిల్లు కనబడుతుంది. లెక్క ఎక్కడ తప్పింది?

లెక్క తప్పలేదు. ఆ లెక్క వానకు తడిసి, ఎండకు ఆరిపోయే బయటి ముఖానికి మాత్రమే సరిపోతుంది. పైకప్పుకు అది వర్తిస్తుంది. తలుపు అడుగు సంగతి వేరు. తలుపు అంటే రెండు రేకుల మధ్య ఖాళీ ఉన్న పెట్టె. అద్దం పైకీ కిందికీ కదిలే సందు నుంచి వాననీరు లోపలికి దిగుతుంది. ఆ నీరు బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, వడ్ల పొట్టు, ఇసుక చేరి అవి మూసుకుపోతాయి. ఇక నీరు లోపలే నిలుస్తుంది. అడుగున బయటి రేకును మడిచి లోపలి రేకు మీద నొక్కిన మడత ఉంటుంది. ఆ మడత సందులోకి నీరు ఎక్కుతుంది. గాలి మాత్రం సరిగా ఎక్కదు. ఎవాన్స్ చుక్కలోని నడిభాగం ఇదే! వాన వెలిసి పైకప్పు గంటలో ఆరిపోతే, ఈ మడత రోజుల తరబడి తడిగానే ఉంటుంది.

మడ్‌గార్డు లోపల అంటుకున్న బురద చేసే పని కూడా ఇదే. బురద ముద్ద కింద ఆక్సిజన్ తక్కువ, దాని చుట్టూ ఎక్కువ. ముద్ద కింద రేకు కరుగుతుంది. తడి ఇసుక మోసిన లారీలో డాలా మూలల్లో మిగిలిన ఇసుక కూడా అంతే. పొటాష్ ఎరువు మోసిన లారీ అయితే ఇంకా ప్రమాదం. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడు. అది ఉప్పులాంటిదే. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది కాబట్టి మన చిన్న ఘటం మరింత చురుకుగా పనిచేస్తుంది.

ఇంకొక సంగతి. ఇనుము తుప్పుగా మారినప్పుడు, తుప్పు రకాన్ని బట్టి, అది రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. మడతలో చోటు లేదు. కనుక అది రేకులను విడదీస్తుంది, రంగును పైకి ఎత్తుతుంది. మనం చూసే బుడగ అదే. బుడగ కనబడిందంటే జబ్బు అప్పుడే మొదలైందని కాదు, లోపల చాలాకాలంగా ఉన్నదని అర్థం.

రోగం ఎంత ముదిరింది?

వైద్యుడు ముందు నాడి చూస్తాడు. టింకరింగు మేస్త్రీ కూడా ముందు రేకును పరీక్షిస్తాడు. ఈ పరీక్షలు మీరూ చేయవచ్చు.

మొదటిది చప్పుడు పరీక్ష. స్క్రూడ్రైవరు పిడితో రేకు మీద మెల్లగా తట్టుతూ పొండి. మంచి రేకు ఖంగుమంటుంది. జంగు తిన్నచోట, లప్పం నింపినచోట బొద్దుగా పలుకుతుంది.

రెండోది అయస్కాంతం పరీక్ష. పాత స్పీకరులోని అయస్కాంతం చాలు. దాన్ని పలచని గుడ్డలో చుట్టి రేకు మీద జరపండి. ఇనుము ఉన్నచోట అంటుకుంటుంది. ఇదివరకు ఎవరైనా చిల్లు మీద దళసరిగా లప్పం మెత్తి రంగు వేసి ఉంటే అక్కడ పట్టు సడలుతుంది. పాత లారీ కొనేవాళ్ళు ఈ పరీక్ష చేసుకుంటే మోసపోరు.

మూడోది మొన పరీక్ష. అనుమానం ఉన్నచోట కోసుగా ఉన్న ఇనుప మొనతో నొక్కి చూడాలి. మొన దిగకపోతే పైపూత జబ్బు. గుంటలు తగిలినా దిగకపోతే నడిమి జబ్బు. మొన లోపలికి దిగితే ఆ రేకు బతకదు, కోయవలసిందే.

మేస్త్రీని అడిగి చూడండి, "కాకా, దీని మీద లప్పం పెడితే పోదా?" అని. "పైన పోతది బిడ్డా, లోపల పోదు" అంటాడు. ఎవాన్స్ పేరు ఆయన విని ఉండకపోవచ్చు. కాని ఆయన చెప్పినదీ ఎవాన్స్ చెప్పినదీ ఒకటే. లప్పం నీటిని మెల్లగా పీల్చుకుంటుంది. దాని కింద మిగిలిన జంగుకు తడి అందుతుంది, గాలి సరిగా అందదు. జంగుకు అంతకంటే కావలసిందేముంది?

చికిత్స ఎలా చేయాలి?

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. గ్రైండరు, వెల్డింగు, ఆమ్లాలు పెద్దవాళ్ళు చేయవలసిన పనులు. మీరు దూరంగా నిలబడి చూడాలి. వెల్డింగు వెలుగును వట్టి కళ్ళతో ఒక్క క్షణం కూడా చూడరాదు. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. పాత లారీల రంగులో సీసం ఉండవచ్చు. కనుక రంగును పొడిగా గీకి దుమ్ము లేపకూడదు. నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్దాలి, ముక్కుకు ముసుగు కట్టుకోవాలి. డీజిలు ట్యాంకు దగ్గర వెల్డింగు చేయనే కూడదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీసివేయాలి. పక్కన ఇసుక బకెట్టు ఉండాలి.

ఇంకొక మాట. ఇక్కడ చెప్పేది తలుపు, మడ్‌గార్డు, క్యాబిన్ రేకుల సంగతి మాత్రమే. బరువు మోసే ఛాసిస్‌కు జంగు పట్టి పలచబడితే ఇంటి దగ్గర అతుకు వేయకూడదు. అది నిపుణుడు చూడవలసిన పని.

మొదట శుభ్రం చేయాలి. లారీని నీళ్ళ పైపుతో, ముఖ్యంగా అడుగునుంచి బాగా కడగాలి. బురదతోపాటు ఉప్పులూ పోవాలి. తలుపు అడుగు రంధ్రాలను సన్నని తీగతో పొడిచి తెరవాలి. తర్వాత ఒక రోజంతా ఎండలో తలుపులు తెరిచి ఆరబెట్టాలి. ఈ పనికి సంక్రాంతి దాటాక వచ్చే ఎండలు అనువైనవి. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటినప్పుడు తుప్పు వేగం ఒక్కసారిగా పెరుగుతుందని వెర్నన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1930లలో చూపించాడు. మన వైపు ఎండాకాలం పగటి గాలి ఈ హద్దుకు చాలా దిగువన ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ తీరంలో ఉన్నవారికి ఈ అదృష్టం తక్కువ.

తర్వాత జంగును గీకాలి. బుడగ ఉన్నంతమేర మాత్రమే గీకితే చాలదు. చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు మంచి రంగును కూడా తీసి, రేకు వెండిలా మెరిసేదాకా తీగ బ్రష్షుతో, ఎమరీ కాగితంతో రుద్దాలి. జంగు రంగు కింద పక్కలకు పాకుతుంది కాబట్టి ఈ జాగ్రత్త.

ఎంత రుద్దినా గుంటల అడుగున కొంచెం జంగు మిగులుతుంది. దానికి మందు ఫాస్ఫారికామ్లం. జంగు పోగొట్టే మందు అని దుకాణాల్లో అమ్మేవాటిలో చాలావరకు ఉండేది ఇదే. ఇది జంగుతో కలిసి ఐరన్ ఫాస్ఫేటు అనే గట్టి పొరగా మారుతుంది. ఆ పొర నీటిలో కరగదు, రంగు దాన్ని బాగా పట్టుకుంటుంది. కార్ల ఫ్యాక్టరీలలో కూడా రంగు వేయడానికి ముందు రేకుకు ఫాస్ఫేటు పూత ఇస్తారు. ఇది ఆమ్లం కనుక చేతికి రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి.

ఇంకొక రకం మందులో ట్యానిక్ ఆమ్లం ఉంటుంది. ఇది మనకు కొత్త కాదు. కరక్కాయలో ఉండేది ట్యానిన్లే. కలంకారీ అద్దకంలో నల్లరంగు ఎలా వస్తుందో తెలుసా? గుడ్డను కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవంతో దాని మీద గీస్తారు. గీసినచోట ఇనుము, ట్యానిన్ కలిసి నల్లబడుతుంది. లారీ మీద జంగుకు ట్యానిక్ ఆమ్లం పూసినప్పుడు జరిగేదీ ఇదే. ఎర్రటి జంగు నీలినలుపు పొరగా మారి నిలుస్తుంది.

చిల్లుపడితే అతుకు

మొన దిగినచోట మందు పనిచేయదు. మారడానికి అక్కడ లోహమే మిగలలేదు. కుండకు మాటు వేసినట్టు రేకుకు అతుకు వేయాలి.

చిల్లు చుట్టూ మంచి రేకు తగిలేదాకా కోసివేయాలి. కొంచెం జంగు రేకును ఉంచుకొని పొదుపు చేద్దామనుకుంటే, పలచని రేకు వెల్డింగు వేడికి కాలిపోయి చిల్లు ఇంకా పెద్దదవుతుంది. కోసిన మూలలు గుండ్రంగా ఉండాలి. కోణంగా ఉన్న మూలల్లో ఒత్తిడి కేంద్రీకరించి రేకు అక్కడే పగులుతుంది. కోసినచోట అట్టముక్క పెట్టి గీసి, ఆ అట్ట ప్రకారం అదే మందం కొత్త రేకును రేకు కత్తెరతో కత్తిరించాలి. వంపు ఉంటే దిమ్మె మీద పెట్టి సుత్తితో మెల్లగా వంచి సరిచేయాలి. బిగించక ముందే లోపలి ముఖానికి, అంచులు వదిలి, పూత వేయాలి. తర్వాత అక్కడికి చెయ్యి చేరదు.

ఇక వెల్డింగు. అంగుళంన్నర దూరానికి ఒక చుక్క చొప్పున, ముందు ఈ పక్క ఒకటి, తర్వాత ఎదుటి పక్క ఒకటి, మధ్యలో చల్లారనిస్తూ పెట్టుకుంటూ పోతారు. ఒకే గీతగా ఎందుకు లాగరు? దీనికీ ఒక లెక్క ఉంది. ఉక్కును ఒక డిగ్రీ సెల్సియస్ వేడిచేస్తే తన పొడవులో సుమారు పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది. 300 మిల్లీమీటర్ల అంచును ఒకేసారి 500 డిగ్రీలు వేడిచేశామనుకోండి. 300ను 500తోనూ 12తోనూ హెచ్చించి పది లక్షలతో భాగిస్తే 1.8 మిల్లీమీటర్లు వస్తుంది. చుట్టూ ఉన్న చల్లని రేకు అంత చోటు ఇవ్వదు. కనుక వేడి రేకు ఉబ్బి, నొక్కుకుపోయి, చల్లారాక ముడతలు పడుతుంది. చుక్కలు చుక్కలుగా పెడితే ఆ వేడి ఒకచోట పోగుపడదు. సన్నని రేకుకు మామూలు కడ్డీ వెల్డింగు కంటే, కార్బన్ డయాక్సైడు వాయువు రక్షణలో సన్నని తీగతో చేసే వెల్డింగు మేలు. రేకు చిల్లిపడకుండా అతుకుతుంది.

వెల్డింగు మిషను అందుబాటులో లేకపోతే మడ్‌గార్డులాంటి చోట్ల రివెట్లతో అతుకు బిగించవచ్చు. కాని ఒక రేకు మీద మరో రేకు పడుకున్నచోట సందు ఏర్పడుతుంది. సందు అంటే జంగుకు ఇల్లు. కనుక రెండు ముఖాలకూ ముందే పూత వేసి, మధ్యలో సీలెంటు పూసి బిగించాలి.

ఎర్రపూత ఎందుకు?

మెరిసే రేకును రాత్రంతా వదిలేయకూడదు. మంచు తేమ చాలు, తెల్లవారేసరికి పలచని ఎరుపు కనబడుతుంది. ఆ రోజే ప్రైమరు పూయాలి.

ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక సందేహం రావాలి. మేస్త్రీ పూసే రెడ్ ఆక్సైడు కూడా ఐరన్ ఆక్సైడే కదా! జంగు పట్టకుండా జంగునే పూయడమేమిటి? జవాబు ఇది. రెడ్ ఆక్సైడులోని ఇనుము ఇదివరకే పూర్తిగా ఆక్సీకరణం చెందింది. ఇక అది మారదు, పక్కనున్న ఇనుమును మార్చదు. ఆ సన్నని రేణువులు జిగురులో కూరుకొని, నీరు లోపలికి దిగే దారిని అడ్డుకుంటాయి. రేకు మీద పుట్టిన జంగు అలా కాదు. అది గుల్లగా ఉండి నీటిని పట్టి ఉంచుతుంది. పదార్థం దాదాపు ఒకటే, పని వేరు.

ఇంతకంటే బలమైన రక్షణ జింకు. 1824లో హంఫ్రీ డేవీ, ఓడల అడుగున తొడిగిన రాగిరేకుకు జింకును గాని ఇనుమును గాని తగిలిస్తే రాగి క్షయం కాదని, దాని బదులు ఆ లోహమే కరుగుతుందని చూపాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుముకు జింకు పూత వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. మన ఇంటి బకెట్టు, పశువుల కొట్టం మీది రేకు ఇలా పూత వేసినవే. గీత పడినా పక్కనున్న జింకు ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. జింకు పొడి కలిపిన ప్రైమర్లు కూడా ఇలాగే పనిచేస్తాయి. అయితే జింకు పూత ఉన్న రేకును వెల్డింగు చేసేటప్పుడు వచ్చే తెల్లని పొగ పీల్చితే జ్వరం వస్తుంది. అతుకు అంచుల్లో పూత గీకి, గాలి ఆడేచోట ఆ పని చేయాలి.

ప్రైమరు ఆరాక గుంటలకు మాత్రమే పలచగా లప్పం పెట్టి, వాటర్ పేపరుతో నున్నచేసి, మళ్ళీ ప్రైమరు, ఆపైన రెండు పూతల రంగు వేయాలి. ఒక పూత బాగా ఆరకముందే మరొకటి వేయకూడదు.

చివరి పని అన్నిటికంటే చౌక, కాని చాలామంది మరచిపోయేది. తలుపు లోపల, మడతల్లోకి మైనం కలిపిన నూనె పిచికారీ చేయాలి. అడుగు రంధ్రాలు రంగుతో మూసుకుపోలేదని చూసుకోవాలి. నీరు లోపలికి రాకుండా పూర్తిగా ఆపలేం. వచ్చిన నీరు బయటికి పోయే దారి ఉంచగలం.

తుప్పు పట్టని ఇనుము లేదా?

ఢిల్లీలో కుతుబ్ మినార్ దగ్గర ఉన్న ఇనుప స్తంభం గుప్తుల కాలం నాటిది. సుమారు 1600 ఏళ్ళుగా ఎండకూ వానకూ నిలిచింది. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ. కాన్పూరు ఐఐటీకి చెందిన బాలసుబ్రమణ్యం ఆ ఫాస్ఫరస్ వల్ల స్తంభం మీద ఇనుప ఫాస్ఫేటు ఉన్న సన్నని రక్షక పొర ఏర్పడిందని 2000 ప్రాంతంలో వివరించాడు. మన మేస్త్రీ ఫాస్ఫారికామ్లంతో పది నిమిషాల్లో చేయబోయే పనిని అక్కడ వానలూ ఎండలూ శతాబ్దాలుగా చేశాయన్నమాట. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయినంత మేలైన ఉక్కును తయారుచేసింది. కాని అంత మేలైన ఉక్కుకత్తి అయినా నూనె పూయకుండా తడిలో వదిలేస్తే జంగు పడుతుంది. గట్టిదనం వేరు, జంగును తట్టుకోవడం వేరు.

మీరే చేసి చూడండి

ఒకటి: నున్నగా రుద్దిన ఇనుప రేకు ముక్క తీసుకోండి. దాని నడుమ రూపాయి బిళ్ళంత తడి బంకమట్టి ముద్ద పెట్టండి. రోజుకు రెండుసార్లు ఉప్పునీరు చల్లి, మట్టి ఆరకుండా చూడండి. వారం తర్వాత మట్టి తీసి కడిగి చూడండి. గుంటలు మట్టి కింద ఉన్నాయా? బయట ఉన్నాయా?

రెండు: జంగు పట్టిన మేకును బాగా చిక్కగా మరిగించిన చాయ్ డికాషనులో, పాలూ చక్కెరా వేయకుండా, రాత్రంతా ఉంచండి. టీ ఆకులోనూ ట్యానిన్లు ఉంటాయి. పొద్దున డికాషను రంగు, మేకు రంగు రాసుకోండి.

మూడు: ఎవాన్స్ చుక్క ప్రయోగాన్ని మీ సైన్సు సారును అడిగి బడి ప్రయోగశాలలో చేయండి. గులాబిరంగు ముందు కనబడిందా, నీలిరంగు ముందు కనబడిందా?

నాలుగు: మీ ఇంట్లోనో పక్కింట్లోనో లారీ, ట్రాక్టరు ట్రాలీ, ఆటో ఉంటే, వానాకాలం మొదలయ్యే ముందు దాని తలుపు అడుగు రంధ్రాలు, మడ్‌గార్డు లోపల, మెట్టు కింది వైపు చూసి రండి. రంధ్రం మూసుకుపోయి ఉంటే ఒక సన్నని తీగ, ఒక నిమిషం చాలు. ఆ నిమిషం పని చేయకపోతే రెండేళ్ళ తర్వాత అక్కడే రేకు కోసి, అతుకు వేసి, రంగు వేయడానికి మీ నాన్న లారీ నాలుగు రోజులు నిలబడవలసి వస్తుంది.